గడప లోతే అసలు లెక్క: ప్రాచీన ఖండాంతర్గత సముద్రాల నీటి ప్రవాహాన్ని, రసాయనాన్ని మోడల్ చేయడం ఎలా?

ఖండాల నడుమ ఇరుక్కుని, ఒకటి రెండు సన్నని దారుల్లోంచి మాత్రమే మహాసముద్రంతో నీళ్లు ఇచ్చిపుచ్చుకునే సముద్రాలు భూమి చరిత్రలో ఎన్నో వచ్చాయి, పోయాయి. 25 కోట్ల ఏళ్లకు పూర్వం వాయవ్య ఐరోపాలో పొరలు పొరలుగా ఉప్పు పేర్చిన జెక్‌స్టైన్ సముద్రం, డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ కాలంలో ఉత్తర అమెరికాను ఆర్కిటిక్ నుంచి మెక్సికో సింధుశాఖ దాకా రెండుగా చీల్చిన వెస్టర్న్ ఇంటీరియర్ సీవే, ఆల్ప్స్ నుంచి మధ్య ఆసియా దాకా పరుచుకున్న పారాటెథిస్ అలాంటివే. మధ్యధరా సముద్రం కూడా 59.7 లక్షల ఏళ్ల కిందటి నుంచి 53.3 లక్షల ఏళ్ల కిందటి వరకు ఇదే కోవలో చేరి ఉప్పుమడిలా మారింది. వీటి నీళ్లు ఇప్పుడు లేవు. మిగిలింది రాళ్లు. ఆ రాళ్లను చూసి నీళ్ల కదలికను, వాటి ఉప్పును, ఆక్సిజన్‌ను తిరిగి లెక్కగట్టడమే ఈ పని.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చాలామంది నేరుగా త్రీడీ ప్రవాహ మోడల్‌ను పట్టుకుంటారు. రెండు నెలలు కంప్యూటర్ నడిపాక అందమైన రంగుల పటాలు వస్తాయి. కానీ జలసంధి లోతు పది మీటర్లు మారిస్తే పటమంతా మారిపోతుంది. ఇలాంటి సముద్రాల్లో నీళ్లు ఎటు తిరుగుతాయన్నది జలసంధి అడుగున ఉండే ఎత్తు నిర్ణయిస్తుంది. దాన్ని ఇక్కడ గడప అందాం. ముందు గడపను కాగితం మీద లెక్కవేసి, తర్వాత పెట్టెల మోడల్ (సముద్రాన్ని రెండు మూడు పెద్ద నీటి భాగాలుగా మాత్రమే చూసే లెక్క) కట్టి, చివరికి త్రీడీ గళ్ల దగ్గరికి వెళ్లడం సరైన వరస. కింద అదే వరసలో చెప్పుకుందాం.

మొదటి అడుగు: ఏం తేల్చాలో ఒక్క వాక్యంలో రాసుకోండి

"పారాటెథిస్‌ను మోడల్ చేయాలి" అన్నది ప్రశ్న కాదు. "అడుగు నీళ్లలో ఆక్సిజన్ పోవడానికి నదులు పెరగడం సరిపోతుందా, లేక గడప కూడా పైకి లేవాలా?" అన్నది ప్రశ్న. ఎంత వివరం కావాలో అదే చెబుతుంది. ఉప్పు పొర మందం అడిగితే రెండు పెట్టెల మోడల్ చాలు. ఒక తీరంలో నల్ల బురదరాయి, ఎదుటి తీరంలో సుద్దరాయి ఎందుకు పేరుకున్నాయని అడిగితేనే త్రీడీ అవసరం.

రెండో అడుగు: పాత్ర ఆకారం

కావలసింది ఒక పట్టిక: నీటిమట్టం ఇంత ఉంటే ఉపరితల విస్తీర్ణం ఎంత, ఘనపరిమాణం ఎంత అని. గడప చుట్టుపక్కల 10 మీటర్లకొకటి, లోతున 50 మీటర్లకొకటి వరసలు వేసుకోండి. ఖండాలను ఆ కాలపు చోట్లకు తిప్పడానికి జీప్లేట్స్ అనే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. ప్రపంచమంతటికీ తయారుచేసిన ప్రాచీన ఎత్తుపల్లాల పటాలు చాలావరకు ఒక డిగ్రీ గళ్లలో ఉంటాయి. ఒక డిగ్రీ అంటే భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్లు. అందులో 5 కిలోమీటర్ల జలసంధి కనిపించదు. అయితే పూర్తిగా మూసుకుపోతుంది, లేకపోతే వంద కిలోమీటర్ల వెడల్పున తెరుచుకుంటుంది. రెండూ తప్పే. కాబట్టి జలసంధిని పటం నుంచి తీసుకోకండి. ఆ ప్రాంతపు రాళ్లను చూసి వెడల్పు, లోతు మీరే పెట్టుకోండి. ఒక్క అంకె కాకుండా, ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో రాసుకోండి.

ఇప్పుడు కనిపించే అవక్షేపం మందాన్నే నాటి లోతుగా పెట్టేయడం మామూలుగా జరిగే పొరపాటు. అప్పుడే పేరుకున్న బురదలో సగానికి పైగా నీళ్లే ఉంటాయి. కిలోమీటర్ల కొద్దీ బరువు పైన పడ్డాక అది పిండుకుపోయి పలచబడుతుంది. ఆ నొక్కుడును వెనక్కి తిప్పాలి. పై పొర బరువును తీసేసి, నేల ఎంత పైకి లేస్తుందో కలపాలి. నీటి బరువు కూడా లెక్కే. విశాలమైన సముద్రంలో మట్టం 1,000 మీటర్లు పడిపోతే, నీటి సాంద్రతకూ మాంటిల్ (భూమి పైపొట్టు కింది పొర) సాంద్రతకూ ఉన్న నిష్పత్తి ప్రకారం (1.03 ÷ 3.3) అడుగు సుమారు 310 మీటర్లు పైకి లేస్తుంది. ఆ ఊపులో గడప కూడా కొంత లేస్తుంది. లేచిన గడప నీళ్లను ఇంకా అడ్డుకుంటుంది. ఈ చక్రాన్ని వదిలేసిన మోడల్‌లో సముద్రం నిజానికన్నా సులువుగా మళ్లీ నిండిపోతుంది.

మూడో అడుగు: నీటి జమాఖర్చు

జమ వైపు నదులు, వాన. ఖర్చు వైపు ఆవిరి. రెంటి తేడా నికర నీరు. నదులకు పరీవాహక ప్రాంతం వైశాల్యాన్ని అక్కడి వాన మైనస్ ఆవిరితో గుణించండి. వాతావరణ మోడల్ ఇచ్చిన నదీ ప్రవాహాన్ని నేరుగా వాడితే చిక్కు ఒకటుంది. ముతక గళ్లలో కొండలు పొట్టిగా ఉంటాయి కాబట్టి కొండ వాన తగ్గిపోతుంది, నీటి విభాజకాలు కూడా తప్పు చోట పడతాయి. ఒక నది పొరుగు సముద్రంలోకి పోయిందంటే మొత్తం లెక్క గుర్తు తిరగబడొచ్చు. పరీవాహకం గీతను చేత్తో సరిచూసుకోవడం విసుగు పుట్టించే పనే, కానీ ఈ పనిలో అంతకన్నా ఫలితమిచ్చే గంట ఇంకోటి లేదు.

ఆవిరిని స్థిరాంకంగా పెట్టకండి. నీటిలో ఉప్పు పెరిగేకొద్దీ ఆవిరి తగ్గుతుంది. మామూలు సముద్రపు నీటికి జల క్రియాశీలత (నీరు ఎంత సులువుగా ఆవిరవగలదో చెప్పే అంకె, మంచినీటికి 1) 0.98 ఉంటే, ఉప్పు గడ్డకట్టే దశకు చేరిన నీటికి సుమారు 0.75. వాడుకునే సూత్రం ఇది:

ఆవిరి = మంచినీటి ఆవిరి × (జల క్రియాశీలత − గాలి తేమ) ÷ (1 − గాలి తేమ)

గాలి తేమ 60 శాతం ఉంటే చిక్కటి ఉప్పునీటి ఆవిరి మంచినీటి ఆవిరిలో 0.15 ÷ 0.40, అంటే 37 శాతానికి పడిపోతుంది. తేమ 75 శాతం దాటితే ఆ నీరు ఇక ఎండనే ఎండదు. ఉప్పు పొర పేరుకుందంటే ఆ తీరాల్లో గాలి ఎంత పొడిగా ఉండి ఉండాలో ఇదే చెబుతుంది.

నాలుగో అడుగు: గడప మీద లెక్క

ఉప్పు సృష్టించబడదు, మాయమవదు. లోపలికొచ్చిన ఉప్పు, బయటికి పోయిన ఉప్పు సమానమయ్యే స్థితిలో రెండు సమీకరణాలు మిగులుతాయి. నదీజలం ఎక్కువైన సముద్రంలో తేలిక నీరు పైనుంచి బయటికి పోతుంది, బరువు నీరు అడుగు నుంచి లోపలికొస్తుంది. అప్పుడు:

లోపలికొచ్చే నీరు = నికర నీరు × బయటికి పోయే లవణీయత ÷ (లోపలికొచ్చే లవణీయత − బయటికి పోయే లవణీయత)

దీన్ని బతికున్న సముద్రం మీద సరిచూడండి. నల్ల సముద్రానికి నదులు, వాన కలిపి ఆవిరి పోగా ఏటా సుమారు 300 ఘనకిలోమీటర్లు మిగులుతాయి. పైనుంచి పోయే నీటి లవణీయత కిలోకు 17.9 గ్రాములు, అడుగున వచ్చేది 35.5 గ్రాములు. 300 × 17.9 ÷ 17.6 చేస్తే 305 ఘనకిలోమీటర్లు లోపలికి, 605 బయటికి. కొలతలు చెప్పే అంకెలు కూడా ఇంచుమించు ఇవే. సముద్రం ఘనపరిమాణం 5,47,000 ఘనకిలోమీటర్లు. బయటికి పోయే నీటితో భాగిస్తే నీరు మారడానికి 900 ఏళ్లు. మీ త్రీడీ మోడల్‌ను ఎన్నేళ్లు నడపాలో ఈ అంకెను చూసే అనుకోండి.

ఆవిరి ఎక్కువైన సముద్రంలో దిశ తిరగబడుతుంది. నేటి మధ్యధరాకు ఏటా అర మీటరు నికర నష్టం, 25 లక్షల చదరపు కిలోమీటర్ల మీద 1,250 ఘనకిలోమీటర్లు. జిబ్రాల్టర్‌లో లోపలికి 36.2, బయటికి 38.4 గ్రాములు. 1,250 × 38.4 ÷ 2.2 చేస్తే లోపలికి ఏటా దాదాపు 21,800 ఘనకిలోమీటర్లు, అంటే సెకనుకు 7 లక్షల ఘనమీటర్లు.

ఈ లెక్క నీళ్లు ఎంత మారాలో చెబుతుంది. అన్ని నీళ్లు ఆ దారిలో పడతాయా అన్నది వేరే లెక్క. రెండు పొరలు ఎదురెదురుగా పోయే నిలువు గోడల కాలువలో, నికర ప్రవాహం లేనప్పుడు, ఒక్కో పొర మోయగల గరిష్ఠ ప్రవాహం ఇది:

ప్రవాహం = 0.25 × వెడల్పు × లోతు × వర్గమూలం (తగ్గించిన గురుత్వం × లోతు)

తగ్గించిన గురుత్వం అంటే 9.81ని రెండు పొరల సాంద్రతల తేడాతో గుణించి సగటు సాంద్రతతో భాగించినది. లవణీయతలో ఒక గ్రాము తేడాకు సాంద్రతలో ఘనమీటరుకు 0.77 కిలోల తేడా వేసుకోండి. నల్ల సముద్రాన్ని బయటికి కలిపే బాస్ఫరస్‌కు 700 మీటర్ల వెడల్పు, 35 మీటర్ల లోతు, 18 గ్రాముల తేడా పెట్టి చూస్తే ఏటా సుమారు 420 ఘనకిలోమీటర్లు వస్తుంది. నిజంగా అడుగున వచ్చేది 305. తేడా ఎందుకంటే, ఆ జలసంధి 30 కిలోమీటర్ల పొడవుంది, రాపిడి నీళ్లను పట్టి ఉంచుతుంది. పైగా బయటికి పోయే నికర ప్రవాహం అడుగు నీటికి ఎదురు నిలుస్తుంది. కాబట్టి సూత్రం ఇచ్చేది పై హద్దు మాత్రమే. పొట్టి జలసంధికి దాదాపు అంతా, పొడుగాటి ఇరుకు దారికి అందులో సగం నుంచి ముప్పావు వంతు దాకా పట్టుకోవడం మొదటి అంచనాకు న్యాయం. కాలువ అడ్డుకోత త్రికోణంగా ఉంటే ఇంకా తగ్గించాలి.

ఈ సూత్రంలో లోతు ఒకటిన్నర ఘాతంలో ఉందని గమనించండి. గడప లోతును రెట్టింపు పొరబడితే ప్రవాహం 2.8 రెట్లు తప్పుతుంది. వెడల్పును రెట్టింపు పొరబడితే రెండు రెట్లే. క్షేత్రంలో సమయం తక్కువుంటే దాన్ని లోతు తేల్చడానికే పెట్టండి.

ఐదో అడుగు: పెట్టెల మోడల్

పైథాన్‌లో వంద వరసల్లో అయిపోతుంది. మూడు పెట్టెలు పెట్టండి: మహాసముద్రం (మారదు), పై పొర, అడుగు పొర. ప్రతి పెట్టెకు నీటి ఘనపరిమాణం, ఉప్పు ద్రవ్యరాశి ఉంచుకోండి. లవణీయతను నేరుగా ముందుకు నడపకండి. ద్రవ్యరాశిని నడిపి, ప్రతి అంగలో (లెక్క ముందుకు వేసే ఒక్కో మెట్టులో) భాగించి లవణీయత తీయండి. అలాగైతే ఉప్పు లెక్క జారిపోదు. పది వేల ఏళ్ల తర్వాత మొత్తం ఉప్పులో తేడా పది లక్షల్లో ఒక వంతు దాటితే కోడ్‌లో ఎక్కడో చిల్లు ఉన్నట్టే.

రెండు పొరల మధ్య కలయికకు నిలువు వ్యాపన గుణకం (పై నీరు, కింది నీరు ఎంత వేగంగా కలుస్తాయో చెప్పే అంకె) సెకనుకు 0.00001 చదరపు మీటర్ల దగ్గర మొదలుపెట్టండి. 100 మీటర్ల మందం దాటడానికి ఆ లెక్కన 30 ఏళ్లకు పైగా పడుతుంది. పై పొర అడుగు పొరకన్నా బరువెక్కితే రెండూ ఒక్క అంగలో కలిసిపోవాలి. ఈ షరతు మరిచిపోయిన మోడల్‌లో చలికాలపు మునకలు ఉండవు, అడుగు నీరు ఎప్పటికీ ఊపిరాడక ఉండిపోతుంది.

ఇప్పుడు గడపను మెల్లగా మూసి చూడండి. స్థిర స్థితిలో:

సముద్రపు లవణీయత = మహాసముద్రపు లవణీయత × లోపలికొచ్చే ప్రవాహం ÷ బయటికి పోయే ప్రవాహం

జిప్సమ్ (కాల్షియం సల్ఫేట్) పడాలంటే ఈ నిష్పత్తి 4 దగ్గర ఉండాలి. హేలైట్, అంటే రాతి ఉప్పు, పడాలంటే 10 దాటాలి. బయటికి పోయే దారి పూర్తిగా మూసుకుని, లోపలికి మాత్రం ఆవిరైనంత నీరు వస్తూ ఉంటే, మధ్యధరా ఘనపరిమాణం (37 లక్షల ఘనకిలోమీటర్లు) ÷ 1,250 = సుమారు 3,000 ఏళ్లు. అంటే ప్రతి 3,000 ఏళ్లకు లవణీయత ఒక మహాసముద్రపు లవణీయత అంత పెరుగుతుంది. నాలుగు రెట్లకు 9,000 ఏళ్లు, పది రెట్లకు 27,000 ఏళ్లు. ఆవిరి తగ్గుదలను కలిపితే ఇంకా కొంచెం పొడుగు.

ఉప్పు మందం కూడా ఇక్కడే సరిచూసుకోవాలి. 1,000 మీటర్ల సముద్రపు నీరు మొత్తం ఎండితే మిగిలే రాతి ఉప్పు సుమారు 13 మీటర్లే. మధ్యధరా అడుగున కొన్ని చోట్ల కిలోమీటరుకు పైగా ఉప్పు ఉంది. ఒక్కసారి నిండి ఒక్కసారి ఎండితే అంత రాదు. లోతైన చోటికి ఉప్పు చేరడం కలుపుకున్నా, గడప మీదుగా నీళ్లు వస్తూనే ఉండాలి. మీ సముద్రానికి ఈ భాగహారం మొదటి రోజే చేయండి. ఎన్నో ఊహలు అక్కడే రాలిపోతాయి.

ఆరో అడుగు: త్రీడీ ప్రవాహం, అవసరమైతేనే

సముద్ర ప్రవాహ ప్రోగ్రాములైన రోమ్స్, ఎంఐటీజీసీఎం, నీమోల్లో ఏదైనా పనిచేస్తుంది. తెలిసినదాన్నే వాడండి. గళ్ల పరిమాణాన్ని రాస్‌బీ వ్యాసార్ధం (భూభ్రమణం ప్రవాహాలను వంచగల దూరం) నిర్ణయిస్తుంది. ఖండాంతర్గత సముద్రాల్లో అది మామూలుగా 10 నుంచి 20 కిలోమీటర్లు కాబట్టి, తీరం వెంట పోయే ప్రవాహాలు కనబడాలంటే గడి 5 కిలోమీటర్లకు మించకూడదు. గళ్లు 5 కిలోమీటర్లు, లోతు 2,000 మీటర్లు ఉంటే ఉపరితల అలల వేగం సెకనుకు 140 మీటర్లు, అంగ 35 సెకన్లు దాటకూడదు. అందుకే ఈ మోడళ్లు వేగంగా కదిలే ఉపరితలాన్ని విడిగా, చిన్న అంగల్లో నడుపుతాయి.

నేల ఆకారాన్ని అనుసరించే నిలువు పొరలు వాడితే ఏటవాలు చోట్ల లేని ప్రవాహం పుడుతుంది. పట్టుకోవడం తేలిక. గాలి లేదు, నదులు లేవు, ఆవిరి లేదు. సాంద్రత పొరలు మాత్రం అడ్డంగా, సమంగా పేర్చి 60 రోజులు నడపండి. నీరు కదలకూడదు. సెకనుకు ఒకటి రెండు సెంటీమీటర్లకన్నా ఎక్కువ కదిలితే అడుగు పటాన్ని ఇంకా నునుపు చేయండి. పక్కపక్క గళ్ల లోతుల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే 0.2 మించకుండా చూసుకోండి. నునుపు చేసేటప్పుడు గడప కూడా అరిగిపోతుంది, చాలామంది గమనించరు. నునుపు చేశాక గడప లోతును తిరిగి చేత్తో పెట్టండి.

జలసంధి అడ్డంగా కనీసం నాలుగైదు గళ్లు పట్టకపోతే, అక్కడి ప్రవాహాన్ని మోడల్‌కు వదలకండి. పెట్టెల మోడల్ ఇచ్చిన రెండు ప్రవాహాలను సరిహద్దుగా రుద్దండి, లేదా అవే వచ్చేదాకా అడుగు రాపిడిని సర్దండి. మొదటి ఉప్పు, ఉష్ణోగ్రతలు కూడా పెట్టెల మోడల్ నుంచే ఇవ్వండి. అప్పుడు 900 ఏళ్లు నడపాల్సింది కొన్ని పదుల ఏళ్లతో తేలుతుంది.

ఇంత శ్రమకు ఏం దక్కుతుందో వెస్టర్న్ ఇంటీరియర్ సీవే చూపిస్తుంది. క్రెటేషియస్‌లోని టురోనియన్ దశకు కట్టిన మోడల్‌లో రెండు వైపుల తీరాల నదీజలం తీరాలను అంటిపెట్టుకుని బయటికి పోతూ, ఉత్తరం నుంచి చల్లటి నీటిని, దక్షిణం నుంచి వెచ్చటి నీటిని లోపలికి లాక్కుంది. మొత్తం సముద్రం గడియారానికి ఎదురు దిశలో తిరిగింది. ఎదురెదురు తీరాల్లో వేర్వేరు జీవులు, వేర్వేరు రాళ్లు ఎందుకున్నాయో పెట్టెల మోడల్ ఎప్పటికీ చెప్పలేదు.

ఏడో అడుగు: రసాయనం

మొదట, ఆ కాలపు మహాసముద్రాన్ని పెట్టండి, నేటిది కాదు. నేటి సముద్రపు నీటిలో కిలోకు మిల్లీమోళ్లలో సోడియం 469, క్లోరిన్ 546, మెగ్నీషియం 53, సల్ఫేట్ 28, కాల్షియం 10.3, పొటాషియం 10.2. క్రెటేషియస్ కాలపు ఉప్పు స్ఫటికాల్లో చిక్కుకున్న నీటి బొట్లను కొలిస్తే కాల్షియం నేటికన్నా రెండు మూడు రెట్లు, సల్ఫేట్ సగానికన్నా తక్కువ కనిపిస్తాయి. ఇది చిన్న మార్పు కాదు. నేటి నీరు ఎండితే జిప్సమ్‌గా పడేటప్పుడు కాల్షియం ముందు అయిపోయి సల్ఫేట్ మిగులుతుంది, చివర్లో మెగ్నీషియం సల్ఫేట్ లవణాలు వస్తాయి. క్రెటేషియస్ నీటిలో సల్ఫేట్ ముందు అయిపోతుంది. కాల్షియం క్లోరైడ్ నీరు మిగులుతుంది, ఆ లవణాలు రావు. నేటి నీటితో నడిపి "మా బేసిన్‌లో ఈ లవణాలు ఎందుకు లేవు, కరిగిపోయాయా?" అని వెతకడం వృథా శ్రమ.

లెక్కకు అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఉచితంగా ఇచ్చే, పీహెచ్‌ఆర్‌ఈఈక్యూసీ అని రాసి ఫ్రీక్‌సీ అని పలికే ప్రోగ్రామ్ చాలు. అందులో చిక్కటి ఉప్పునీటికి తయారైన పిట్జర్ డేటాబేస్ ఎంచుకోండి. మామూలు డేటాబేస్ మంచినీటికి, మహా అయితే సముద్రపు నీటికి పనికొస్తుంది. జిప్సమ్ దశ దాటాక దాని అంకెలు నమ్మదగ్గవి కావు. సాంద్రతకు కూడా ఇదే జాగ్రత్త: సముద్ర విజ్ఞానంలో వాడే ప్రామాణిక సాంద్రత సమీకరణాలు లవణీయత 42 వరకే ఉద్దేశించినవి. అంతకు పైన పిట్జర్ లెక్కలోంచి వచ్చే సాంద్రతను మీ పెట్టెల మోడల్‌కు తిప్పి ఇవ్వండి.

నడిపే తీరు ఇది. కిలో నీటిలో 55.5 మోళ్ల నీటి అణువులుంటాయి. వాటిలో 54 దాకా కనీసం 200 అంగల్లో తీసేయండి. ప్రతి అంగలో కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్), జిప్సమ్, అన్‌హైడ్రైట్ (నీరు లేని కాల్షియం సల్ఫేట్), హేలైట్ పడొచ్చని చెప్పండి, మొదటి మొత్తం సున్నా. మెగ్నీషియం ఉన్న కార్బొనేట్ ఖనిజాలైన డోలమైట్‌ను, మ్యాగ్నసైట్‌ను జాబితాలోంచి తీసేయండి. సమతాస్థితి లెక్కలో అవి ముందే పడిపోయి మెగ్నీషియాన్ని మింగేస్తాయి, నిజమైన నీటిలో అంత వేగంగా పడవు. విద్యుదావేశం తేడాను క్లోరిన్ మీద సర్దండి. పడిన ఖనిజాన్ని ప్రతి అంగలో పక్కకు తీసేసే పద్ధతిలో ఒకసారి, నీటితో కలిపి ఉంచే పద్ధతిలో ఒకసారి నడపండి. నిజం ఆ రెంటి మధ్య ఉంటుంది.

ఫలితం వరస సరైందో కాదో చూడటానికి 1849లో రసాయనవేత్త ఉసిగ్లియో మధ్యధరా నీటిని ఎండబెట్టి చూసిన వరస ఉండనే ఉంది. నీరు సగానికి తగ్గేసరికి కాల్సైట్, అయిదో వంతు మిగిలేసరికి జిప్సమ్, పదో వంతు మిగిలేసరికి ఉప్పు, ఆ తర్వాత చాలా సేపటికి పొటాషియం, మెగ్నీషియం లవణాలు. మీ నేటి నీటి పరుగు ఈ వరసకు దగ్గరగా రాకపోతే ప్రాచీన నీటి జోలికి వెళ్లకండి.

నదీజలం ఎంత కలిస్తే రసాయనం మారుతుంది? సగటు నదిలో కాల్షియం లీటరుకు 0.37 మిల్లీమోళ్లు, బైకార్బొనేట్ 0.95. కాల్సైట్ పడేటప్పుడు ఒక కాల్షియం రెండు బైకార్బొనేట్లను ఖర్చు చేస్తుంది. కాల్షియం రెట్టింపు 0.74 మాత్రమే కాబట్టి ఈ నీరు ఎండితే కాల్షియం ముందు అయిపోయి సోడియం కార్బొనేట్ నీరు మిగులుతుంది. సముద్రపు నీటిలో కాల్షియం రెట్టింపు 20.6, క్షారత్వం (ముఖ్యంగా బైకార్బొనేట్) 2.3. రెంటినీ కలుపుతూ పోతే తరాజు తిరగబడేది నదీజలం 98.9 శాతానికి చేరాక. అంటే లోపలికొచ్చే నీటిలో సముద్రపు నీరు ఒక్క శాతానికి మించి ఉన్నా చాలు, ఎండాక జిప్సమ్ వైపే మొగ్గుతుంది. జిప్సమ్ దొరికింది కదా అని విశాలమైన జలసంధి ఉందనుకోవద్దు. గడప మీద సన్నటి ధార ఉన్నా అది వస్తుంది.

ఆక్సిజన్‌కు వేరే ప్రోగ్రామ్ అక్కర్లేదు. 10 డిగ్రీల సముద్రపు నీరు కిలోకు సుమారు 275 మైక్రోమోళ్ల ఆక్సిజన్ పట్టుకుంటుంది, 25 డిగ్రీల నీరు 206 మాత్రమే. ఏటా చదరపు మీటరుకు రెండు మోళ్ల సేంద్రియ కార్బన్ అడుగు పొరలోకి రాలితే, కార్బన్ 106కు ఆక్సిజన్ 138 చొప్పున 2.6 మోళ్ల ఆక్సిజన్ ఖర్చు. అడుగు పొర 150 మీటర్ల మందమైతే ఘనమీటరుకు ఏటా 17 మిల్లీమోళ్లు. 250తో మొదలైన నీటికి 14, 15 ఏళ్లలో ఊపిరి అయిపోతుంది. అడుగు నీరు అంతకన్నా ఎక్కువకాలం మారకుండా ఉంటే ఆపై కుళ్లేది సల్ఫేట్ మీద, రెండు కార్బన్లకు ఒక హైడ్రోజన్ సల్ఫైడ్ చొప్పున. సల్ఫేట్ తక్కువున్న ప్రాచీన సముద్రంలో ఆ నిల్వ కూడా తరిగిపోతుందేమో చూసుకోవాలి.

ఎనిమిదో అడుగు: రాయితో సరిచూడటం

మోడల్ అంకెలను రాయి అంకెలుగా మార్చి పోల్చండి. రాయి అంకెను లవణీయతగా మార్చి మోడల్‌కు తినిపిస్తే, మీ ఊహ అందులోనే దాక్కుంటుంది.

స్ట్రాన్షియం ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు వేరైన పరమాణువుల) ఉదాహరణ చూడండి. నేటి మహాసముద్రంలో లీటరుకు 7.8 మిల్లీగ్రాముల స్ట్రాన్షియం, 87కూ 86కూ నిష్పత్తి 0.70918. నదిలో 0.07 మిల్లీగ్రాములు, నిష్పత్తి 0.7110 అనుకుందాం. సగం నదీజలం కలిపితే నిష్పత్తి 0.70920. కొలతలోని పొరపాటే దాదాపు అంత ఉంటుంది. 95 శాతం కలిపితే 0.70944, స్పష్టంగా కనిపిస్తుంది. కాబట్టి "స్ట్రాన్షియం మహాసముద్రపు విలువే చూపింది, కనుక ఇది మామూలు సముద్రమే" అనడం చెల్లదు. లవణీయత సగానికి పడిపోయినా స్ట్రాన్షియం కదలదు. ఆక్సిజన్ ఐసోటోపులు అలా కాదు. కొండల నుంచి వచ్చే, తేలిక ఆక్సిజన్ ఐసోటోపు ఎక్కువున్న నీరు కొంచెం కలిసినా గవ్వలో కనిపిస్తుంది. దాన్ని వదిలేసి మొత్తాన్నీ వేడిగా చదివితే, వెయ్యిలో ఒక వంతు మార్పుకు నాలుగు డిగ్రీలకు పైగా లేని వేడి పుడుతుంది.

అడుగు నీరు ఎంత బందీగా ఉందో చెప్పడానికి నల్ల బురదరాయిలో మాలిబ్డినం, సేంద్రియ కార్బన్‌ల నిష్పత్తి బాగా పనికొస్తుంది. పది లక్షల్లో వంతులను శాతంతో భాగిస్తే నేటి నల్ల సముద్రంలో 4.5, వెనిజులా తీరంలోని కరియాకో బేసిన్‌లో 25, కెనడా తీరంలోని సానిచ్ ఇన్‌లెట్‌లో 45 వస్తుంది. నీరు మారడం తగ్గేకొద్దీ అంకె పడిపోతుంది. మీ మోడల్ 20 ఏళ్లలో నీరు మారుతుందని చెబుతూ, రాయిలో నిష్పత్తి 5 ఉంటే, ముందు మోడల్‌లో గడపను అనుమానించండి.

ఉప్పు తునకనైతే భూతద్దం కింద పెట్టి చూడండి. అడుగున పెరిగిన హేలైట్‌లో పాల తెలుపు గీతలు బాణం మొనల్లా పైకి చూస్తూ, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. తెల్లగా కనిపించేవి అప్పటి ఉప్పునీటి బొట్లు, వేల కొద్దీ, కంటికి ఆనని చదరపు గదుల్లో. ఈ అల్లిక లోతు తక్కువ నీటికి గుర్తు. నీటి పైతలంలో పుట్టి రాలిన ఉప్పు ఇలా ఉండదు, సన్నని పలకలుగా, చిన్న చిన్న గింజలుగా పరుచుకుంటుంది. మోడల్ అక్కడ 800 మీటర్ల లోతు చూపుతుంటే, తునకలో బాణం మొనలు వరసకట్టి ఉంటే, మట్టం తగ్గే దారిని మోడల్‌లో వెతకాలి.

తొమ్మిదో అడుగు: ఒక్క పరుగుతో ఆగకండి

గడప లోతు, వెడల్పు, నదీజలం, గాలి తేమ, నిలువు కలయిక, సేంద్రియ కార్బన్ వర్షం: ఈ ఆరింటికీ హద్దులు పెట్టి, ఆ హద్దుల్లో సమంగా పరుచుకునేలా ఎంపిక చేసిన కొన్ని వేల కలయికలతో పెట్టెల మోడల్‌ను నడపండి. మామూలు ల్యాప్‌టాప్ ఒక రాత్రిలో పూర్తిచేస్తుంది. రాయితో సరిపోయినవాటిని మాత్రం ఏరండి. ఏరినవన్నీ ఒకే మూలకు చేరితే మీ దగ్గర సమాధానం ఉంది. చాలాసార్లు అవి రెండు గుంపులుగా చీలతాయి: గడప లోతుగా ఉండి నదులు భారీగా ఉన్నవి ఒక గుంపు, గడప పైకి లేచి నదులు తక్కువున్నవి ఇంకో గుంపు. పై నీటి లవణీయత రెంటిలోనూ ఒకటే. అప్పుడు త్రీడీ మోడల్‌ను రెండే రెండుసార్లు, ఒక్కో గుంపు మధ్యలోంచి ఒక్కో కలయికతో నడపండి. అడుగు నీరు మారే కాలం రెంటిలో వేరు కాబట్టి మాలిబ్డినం నిష్పత్తి వేరు పడుతుంది. తీరం వెంట నదీజలం పట్టీ వెడల్పు వేరు కాబట్టి గవ్వల ఆక్సిజన్ ఐసోటోపులు తీరం నుంచి ఎంత దూరంలో మారతాయో కూడా వేరు పడుతుంది. రెండు పటాల తేడా ఎక్కడ ఎక్కువుందో ఆ చోటును గుర్తించి, తర్వాతి నమూనా అక్కడి రాతి పొరలోంచి తీయించండి.